మచ్చకి పేరు ముందా, మందు ముందా

విజయనగరం జిల్లాలో కుష్టు నివారణ పథకంలో ఉద్యోగం మొదలుపెట్టి, అక్కడే డిప్యూటీ పారామెడికల్ ఆఫీసరుగా రిటైరైన పెద్దాయన ఒకరు. అదే జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరుగా పనిచేస్తున్న ఆయన మేనకోడలు ఒకరు. ఒంటి మీద కనిపించేది ఏ రకమో తేల్చాకే మందు రాయాలని ఆయన పట్టు. తేల్చే తీరిక లేని చోట ఆ పట్టు వల్ల నష్టపోయేది రోగేనని ఆమె వాదన. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే, ఇద్దరూ రోగుల్ని ప్రేమించేవాళ్లే. వాళ్ల మాటల్ని వరసగా పెడుతున్నాను. ఎవరి మాట బలంగా తోచిందో మధ్యమధ్య నేనూ చెబుతాను.

మేనకోడలు: మావయ్యా, నా ఓపీలో పొద్దున్న మొదలైన వరస మధ్యాహ్నం దాకా తెగదు. జ్వరాలు, బీపీలు, షుగర్లు, గర్భిణుల చెకప్పులు, వాటి మధ్యలో దురదలు. దురదని వచ్చిన ప్రతివాడి చొక్కా విప్పించి, ఇది చదునైన మాక్యూలా, చిన్న బొడిపెలాంటి పాప్యూలా, వెడల్పుగా లేచిన ప్లాకా అని తేల్చుకుంటూ కూర్చుంటే, బయట జ్వరంతో వణికే పిల్లాడు అలాగే కూర్చోవాలి. నాకు మూడు ప్రశ్నలు చాలు. జ్వరమూ, నోట్లో పుళ్లూ, ఒళ్లంతా బొబ్బలూ ఉన్నాయా? ఉంటే ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి. రాత్రిపూట దురద ఎక్కువా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? అయితే గజ్జి మందు ఇంటిల్లిపాదికీ. మచ్చ మీద స్పర్శ లేదా? అయితే కుష్టు విభాగానికి. ఈ మూడూ కాకపోతే తామర మందు రెండు వారాలిచ్చి చూస్తాను. తగ్గితే సరే, తగ్గకపోతే స్కిన్ డాక్టరు దగ్గరికి పంపుతాను. ఇందులో పేరుతో పనేముంది?

మావయ్య: ఆ మూడోది నువ్వు అడుగుతున్నావా అమ్మడూ, పరీక్ష చేస్తున్నావా? "మచ్చ మొద్దుబారిందా" అని అడిగితే లేదనే చెబుతారు. వీపు మీద రూపాయి బిళ్లంత చోట స్పర్శ పోతే మనిషికి ఎలా తెలుస్తుంది? నొప్పి లేదు, దురద లేదు. అసలు ఆ మచ్చ కోసం నీ ఓపీకి ఎవడూ రాడు. దగ్గుకి వస్తాడు, జ్వరానికి వస్తాడు. మచ్చని చూడాల్సింది నువ్వు. ఇక పేరంటావా, నేను అడిగేది పేరు కాదు. ముందు రకం. చర్మానికి సమంగా ఉందా, పైకి లేచిందా? కళ్లు మూసుకుని వేలితో తడిమితే అంచు తెలుస్తోందా? తెలిస్తే పొలుసు ఉందా, లోపల నీరుందా, చీముందా, గట్టిగా ఉందా? ఇది తేలడానికి నీకు అర నిమిషం పట్టదు. అది తేలకుండా నువ్వు రాసే తామర మందు చీకట్లో రాయి విసరడమే.

మేనకోడలు: ఆ రకాలు ఎక్కడ పుట్టాయో చూడు. లండన్‌లో రాబర్ట్ విల్లన్ అనే వైద్యుడు 1808లో పుస్తకం వేసి, చర్మ రోగాలన్నిటినీ ఎనిమిది గుంపులు చేశాడు. చిన్న బొడిపెలు, పొలుసులు, ఎర్రగా పొంగేవి, బొబ్బలు, చీముపొక్కులు, నీటిపొక్కులు, గడ్డలు, మచ్చలు. అప్పటికి సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియదు. కంటికి కనిపించిందే ఆధారం. దాని ఫలితమేమిటి? మనం ఇవాళ సోరియాసిస్ అంటున్నదాన్ని ఆయన కుష్టు పేరైన లెప్రా అనే మాట కింద చేర్చాడు. 1841లో వియన్నాలో హెబ్రా అనే వైద్యుడు వచ్చి ఈ రెండిటినీ విడదీసేదాకా ఆ గందరగోళం తీరలేదు. కుష్టు సూక్ష్మజీవిని హాన్సెన్ కనిపెట్టింది 1873లో. కంటిని నమ్ముకుంటే ఇంతే. పొలుసున్నవన్నీ ఒక గుంపులో పడతాయి. వాటిలో ఒకటి ఫంగస్, ఒకటి ఒంటి రోగనిరోధక శక్తి తిరగబడడం, ఒకటి పోషకాహార లోపం, ఒకటి క్యాన్సర్ కూడా కావచ్చు.

మావయ్య: విల్లన్ గుంపులతో రోగం తేలిపోతుందని నేననలేదు. వెతకాల్సిన జాగా తగ్గుతుందన్నాను. పొలుసుందని తెలిశాక మిగతావి చూస్తావు. ఎక్కడుంది? ఎలా పరుచుకుంది? వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ చిన్న చిన్న బొడిపెలుంటే గజ్జి. నడుముకి ఒకే పక్క పట్టీలా పాకి, గుత్తులుగా నీటిపొక్కులుంటే సర్పి. ఎండ తగిలే చోటే, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల పైన నల్లగా మందమై పగిలి, బట్ట కప్పిన చోట మామూలుగా ఉంటే, అది క్రీములతో పోయేది కాదు. ఆ మనిషి తిండి అడగాలి. హైదరాబాద్ పోషకాహార పరిశోధన సంస్థలో గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు జొన్నే ప్రధానంగా తినే పేదల్లో ఈ జబ్బు, అంటే పెలాగ్రా, ఎందుకొస్తోందని పరిశోధించి 1960లో వ్యాసం రాశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడమే మూలమని వాళ్ల ప్రతిపాదన. దాని మీద తర్వాత వాదాలు నడిచాయనుకో, అది వేరే సంగతి. నేను చెప్పేదేమిటంటే, మెడ చుట్టూ హారంలా పడ్డ ఆ నలుపుని మామూలు ఎండదెబ్బ అని వదిలేసి ఉంటే ఆ పరిశోధన మొదలయ్యేదే కాదు. ఆ రోగికి కావలసింది నియాసిన్ మాత్ర. నీ రెండు వారాల తామర మందు వాడినన్నాళ్లూ వాడి విరేచనాలూ ఆగవు, మతిమరుపూ ఆగదు.

మేనకోడలు: పెలాగ్రా నాకు ఎన్నేళ్లకో ఒక్కసారి కనబడుతుంది. తామర రోజూ కనబడుతుంది. రోజూ వచ్చేదాన్ని బట్టే పద్ధతి పెట్టుకోవాలి.

మావయ్య: సరే, తామర దగ్గరికే వద్దాం. నీ దగ్గరికొచ్చే తామర అచ్చమైన తామరేనా? గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో చర్మం తేటపడి ఉండేది నువ్వు ఈమధ్య ఎప్పుడు చూశావు?

ఇక్కడ ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పలేకపోవడానికి కారణం ఆమె అనుభవ లోపం కాదు. మన ఊళ్లలో తామర రూపమే మారిపోయింది. తొడల సందుల్లో, నడుం చుట్టూ, మొహం మీద, పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఇంట్లో అందరికీ నెలల తరబడి తగ్గకుండా పాకుతున్న తామర చూడని కుటుంబం తక్కువ. బయటికి చెప్పుకోలేక, నిద్ర లేక, బట్టలు మరగబెట్టీ మరగబెట్టీ విసిగిపోయినవాళ్లు ఎంతోమంది. ఈ చర్చ అంతటికీ అసలు కేంద్రం ఇదేనని నా అభిప్రాయం.

మేనకోడలు: చూడలేదు, నిజమే. వచ్చేవాళ్లంతా అప్పటికే ట్యూబు రాసుకుని వస్తారు. మెడికల్ షాపులో ఒకటి, ఆర్‌ఎంపీ ఇచ్చింది ఒకటి, పక్కింటివాళ్లది ఇంకొకటి.

మావయ్య: ఆ ట్యూబులో ఏముంటుందో నాకన్నా నీకే బాగా తెలుసు. క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్, దానికి తోడు ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. అన్ని రోగాలకీ పనికొచ్చేలా మూడూ కలిపేస్తారు. రకం తేల్చకుండా మందివ్వాలన్న నీ సిద్ధాంతమే ఆ ట్యూబులో ఉంది తల్లీ! రెండు రోజుల్లో దురద పోతుంది, ఎరుపు పోతుంది, మనిషికి ప్రాణం లేచొస్తుంది. ఫంగస్ మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది. ఆపితే రెట్టింపై లేస్తుంది, మళ్లీ రాస్తాడు. అంచు చెరిగిపోతుంది, పొలుసు పోతుంది, ఏం రోగమో గుర్తుపట్టలేని రూపం వస్తుంది. ఇలా వేషం మార్చిన తామరని ఇంగ్లండ్ డాక్టర్లు 1968లోనే రాసిపెట్టారు. తొడ సందుల్లో చర్మం పలచబడి చారలు పడితే, అవి జన్మలో పోవు. మొహానికి తెల్లబడడానికని అదే రాసుకున్న ఆడపిల్లల బుగ్గలు ఎండలోకి వెళ్తే నిప్పుల్లా మండుతాయి.

మేనకోడలు: ఆ ట్యూబు నేను రాయను. ఇప్పుడే చెబుతున్నాను, రాయబోను కూడా. 2018లో ప్రభుత్వం పద్నాలుగు స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేకుండా అమ్మకూడదంది. అమ్మకం ఆగిందా? ఆగలేదు. దానికి నన్నెలా తప్పుపడతావు? నేనిచ్చేది వట్టి ఫంగస్ మందు.

మావయ్య: వట్టి ఫంగస్ మందే ఇస్తున్నావు, మంచిదే. ఎంతకాలం, ఎంత మోతాదు, ఏ మందు? ఇప్పుడు మన దేశంలో పాకుతున్న ఫంగస్ టెర్బినాఫిన్ మందుకి లొంగడం లేదు. జపాన్‌లో ఒక భారతీయుడి దగ్గరా, ఒక నేపాలీ దగ్గరా దొరికిన ఫంగస్‌ని పరిశీలించి, ఇది కొత్త జాతి అని 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినీ అని పేరు పెట్టారు. ఆ మందు పనిచేసే జన్యువులోనే మార్పు వచ్చిందట. 2023లో న్యూయార్క్‌లో కూడా కనిపించింది. రెండు వారాలిచ్చి చూద్దామని ఇచ్చిన మందు సగంలో ఆగితే, ఆ ఫంగస్ ఇంకా మొండికేస్తుంది. "ఇచ్చి చూద్దాం" అన్నమాట వైద్యం కాదు, పందెం.

మేనకోడలు: అయితే నీ వేలూ నీ కన్నూ ఈ కొత్త జాతిని గుర్తుపడతాయా? పట్టవు. నేననేదీ అదే. అంచు చెరిగిపోయిన తామర ముందు నీ వర్గీకరణ నిలబడలేదు. నిలబడేది స్లైడు. పొలుసు గీకి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కవర్‌స్లిప్ పెట్టి, కాసేపాగి మైక్రోస్కోపులో చూస్తే కొమ్మలు చీలిన సన్నని దారాల్లా ఫంగస్ కనబడుతుంది. మలేరియా రక్తపూతలు చూసే మైక్రోస్కోపు మా ల్యాబులో ఎలాగూ ఉంది. ఈ పరీక్షకి అయ్యే ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. నీ అర నిమిషం నాకు అక్కర్లేదు, నాకు స్లైడు కావాలి.

మావయ్య: బాగా అన్నావు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ గీకాలి? మధ్యలో గీకితే ఏమీ రాదు. అంచున, ఇంకా పాకుతున్న వైపున, ట్యూబు తగలని చోట గీకాలి. రోగి చూపించే పాత మచ్చ కాదు, ఈ వారంలో కొత్తగా లేచిన చిన్నది వెతకాలి. కొత్తగా పుట్టినదాని మీదే రోగం అసలు ముఖం ఉంటుంది. గోళ్లతో గీరుకున్నదీ, పక్కు కట్టినదీ, మందమై నల్లబడ్డదీ తర్వాత వచ్చి చేరినవి. ఇది కొత్తది, ఇది పాతది అని విడదీయడం వర్గీకరణ కాక ఏమిటి? నీ స్లైడుకి కూడా నా కన్ను కావాలి.

మేనకోడలు: ఆ కన్ను ఫోనుకి ఇస్తే? ఫోటో తీస్తే చాలు, రోగం ఏదో చెప్పే యంత్రాలు వచ్చాయి. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2017లో లక్షా ఇరవై తొమ్మిది వేలకి పైగా ఫోటోలతో శిక్షణ ఇచ్చిన ప్రోగ్రాము, చర్మ క్యాన్సర్‌ని గుర్తించడంలో ఇరవై ఒక్కమంది స్కిన్ డాక్టర్లకి దీటుగా నిలిచింది. మన వైపు ఏజెన్సీ ఊళ్లకి స్కిన్ డాక్టరు ఎప్పటికి వస్తాడు? ఫోను ఇప్పటికే ఉంది.

మావయ్య: ఆ ఫోటోలు ఎవరి ఒంటివి?

మేనకోడలు: ఎక్కువగా తెల్లవాళ్లవే. నువ్వు అడుగుతావని తెలుసు. వియన్నా నుంచీ, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచీ సేకరించిన 10,015 ఫోటోల సంకలనం ఒకటుంది, ప్రపంచమంతా దానితోనే యంత్రాలకి నేర్పిస్తోంది. అందులో ఏడు వర్గాలు. అన్నీ పుట్టుమచ్చలూ, కంతులూ, క్యాన్సర్లూ, వాటిని పోలినవీ. తామర లేదు, గజ్జి లేదు, కుష్టు లేదు. 2022లో స్టాన్‌ఫర్డ్ వాళ్లే రకరకాల ఒంటిరంగుల ఫోటోలు 656 పెట్టి పరీక్షిస్తే, నల్లని చర్మం దగ్గర యంత్రాల పనితనం పడిపోయింది. దానికి యంత్రాన్ని మానెయ్యడం విరుగుడు కాదు, మన ఫోటోలు అందులో చేర్చాలి. మావయ్యా, ఒక్కమాట అడుగుతాను. నువ్వు చదువుకున్న పుస్తకాల్లో బొమ్మలు మాత్రం ఎవరివి? ప్రతి పేజీలో "ఎర్రటి మచ్చ" అని ఉండేది. మన నల్లని ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనబడుతుంది? నేరేడు రంగులోనో, బూడిద కలిసిన నలుపులోనో కనబడుతుంది. చాలాసార్లు వేడిని బట్టీ, వాపుని బట్టీ తెలుసుకోవాలి. మేమూ అవే బొమ్మలు చూసి పాసయ్యాం. యంత్రానికి పట్టిన తెగులే మనకీ ఉంది.

ఈ మాట దగ్గర నేను ఆమె పక్షం. చర్మ వైద్యం చదివే మన విద్యార్థి ఇవాళ్టికీ తన అమ్మా నాన్నల చర్మం కన్నా ముందు పరాయి చర్మం మీద రోగాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటున్నాడు. పుట్టుమచ్చ క్యాన్సరా కాదా అని చూసే ఏబీసీడీ సూత్రం న్యూయార్క్‌లో 1985లో తయారైంది. ఎండ తగిలే తెల్లని ఒంటికి అది బాగా పనికొస్తుంది. మన దగ్గర ఆ క్యాన్సర్ అరుదు. వచ్చినప్పుడు ఎక్కువగా అరికాల్లోనో, గోటి కిందో వస్తుంది. ముల్లు గుచ్చుకుందనీ, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందనీ నెలలు గడిపేస్తారు. అరికాలు చూడడం ఏ ఓపీలోనూ అలవాటు కాలేదు.

మావయ్య: ఆ మాట ఒప్పుకున్నాను. నేను చూసిన మచ్చల్లో పుస్తకంలో ఉన్నట్టున్నవి తక్కువే. కానీ పుస్తకం తప్పినా చెయ్యి తప్పలేదు. యంత్రం ఫోటో చూస్తుంది, తాకదు. దానికి వేడి తెలియదు, మందం తెలియదు, స్పర్శ పోయిందని అస్సలు తెలియదు. పిల్లాడి చేతి మీద పాలిపోయిన మచ్చ ఉంది. ఫోటోలో అది శోభి కావచ్చు, బొల్లి మొదలు కావచ్చు, పుట్టుకతో వచ్చిన తెల్లమచ్చ కావచ్చు, కుష్టు కావచ్చు. గోరుతో మెల్లగా గీస్తే సన్నని పొట్టు రాలితే శోభి వైపు ఆలోచించు. పాలలా పూర్తిగా తెల్లబడి, వెంట్రుకలు కూడా తెల్లబడి, స్పర్శ బాగా ఉంటే బొల్లి. పుట్టినప్పటి నుంచీ ఉంది, మనిషితోపాటే పెరిగింది, ఆకారం మారలేదంటే వదిలెయ్యి. రంగు పూర్తిగా పోకుండా తగ్గి, పొడిగా, వెంట్రుకలు రాలి, చెమట పట్టకుండా ఉంటే అప్పుడు దూది తియ్యి.

మేనకోడలు: దూది పరీక్ష మేమూ చేస్తాం.

మావయ్య: చేస్తారు. ఎలా చేస్తున్నారో చూశాను. మచ్చ మీద దూది పెట్టి "తగిలిందా" అని అడుగుతారు. అడిగితే తగలకపోయినా మొహమాటానికి తగిలిందనే అంటారు. దూదిని నలిపి కొస సన్నగా పేనాలి. ముందు కళ్లు తెరిచి ఉండగా, మచ్చ లేని చోట తాకి చూపించాలి, ఇలా తగిలినప్పుడల్లా అక్కడ వేలు పెట్టు అని. అతనికి అర్థమైందని తేలాకే కళ్లు మూయించాలి. రుద్దకూడదు. దూది కొస కాస్త వంగేటంత మేరకే తాకాలి. ఒకసారి మచ్చ మీద, రెండుసార్లు పక్కన, మళ్లీ మచ్చ మీద, వరస పట్టుకోనివ్వకుండా. నోరు మెదపకూడదు. మచ్చ లేని చోట తాకినప్పుడల్లా వేలు సరిగ్గా అక్కడికే వస్తుంది. మచ్చ మీద తాకినప్పుడు చెయ్యి కదలదు. కొందరు ఏదో తగిలినట్టుందని తడుముకుని నాలుగు వేళ్ల అవతల పెడతారు, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తర్వాత మోచేతి వెనక గాడిలో నరం తడిమి, రెండు చేతులకీ పోల్చాలి. అరచేతిలో చిటికెన వేలి వైపు స్పర్శ చూడాలి. ఇంతా చేశాక నాకు ఆ మచ్చ సంగతి తెలిసేది. ఏ ఫోటో ఇది చెబుతుంది?

మేనకోడలు: ఏ ఫోటో చెప్పదు. కానీ చెప్పాక ఏం చేశావు? లెక్కపెట్టావు. ఒకటి నుంచి అయిదు మచ్చలుంటే పీబీ (సూక్ష్మజీవులు తక్కువున్న రకం), అయిదు దాటితే ఎంబీ (ఎక్కువున్న రకం). ఆరు నెలల కోర్సు, పన్నెండు నెలల కోర్సు. రిడ్లీ, జాప్లింగ్ 1966లో మైక్రోస్కోపు కింద చూసి అయిదు మెట్లుగా చేసిన వర్గీకరణ ఎక్కడ, మచ్చలు లెక్కపెట్టడం ఎక్కడ! మీ పథకమే వర్గీకరణని కుదించింది. పల్లెలో పనిచేసేవాడికి అంత సూక్ష్మం అక్కర్లేదని కుదించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో అడుగేసి, రెండు రకాలకీ అవే మూడు మందులివ్వమంది. మిగిలింది నెలల తేడా ఒక్కటే. నేనూ అదే అంటున్నాను కదా, చేసే వైద్యం మారనప్పుడు విభజన ఎందుకని.

మావయ్య: నెలల తేడా చిన్నదా? అయిదు మచ్చలున్నాయని రాసి ఆరు నెలలకి మందాపేస్తే, నడుం కింద చూడని ఆరో మచ్చ ఊరుకుంటుందా? లెక్కపెట్టాలంటే ముందు విప్పించి చూడాలి. మగవాళ్లకైతే లుంగీ దాకా. ఆడవాళ్ల సంగతే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. సర్వేల్లో ఆడవాళ్ల చేతులూ మొహమూ చూసి రాసుకున్న రోజులున్నాయి. పిర్రల మీద, తొడ వెనక, వీపు మీద ఉన్నవి ఎవరు చూశారు? చెయ్యి వంకరపోయి, వేళ్లు ముడుచుకున్నాక వచ్చిన ఆడమనిషి ఒంటి మీద చూస్తే ఏళ్లనాటి మచ్చలు. తడిమి చూడకపోవడం వల్ల పోయిన చెయ్యి అది.

మేనకోడలు: నా ఓపీ గదికి తలుపు లేదు మావయ్యా. తెర ఉంది, దాని అవతల యాభై మంది ఉంటారు. ఏ ఆడమనిషిని విప్పమనను?

మావయ్య: అయితే మనం పోట్లాడాల్సింది ఆ తలుపు కోసం. వెలుతురొచ్చే కిటికీ ఉన్న చిన్న గది, పక్కన ఏఎన్ఎమ్మో ఆశా కార్యకర్తో. చర్మాన్ని గుర్తుపట్టడానికి కావలసిన మొదటి పరికరం పగటి వెలుతురు. ట్యూబ్‌లైటు కింద పాలిపోయిన మచ్చ కనబడదు. 2005 డిసెంబరులో జాతీయ స్థాయిలో కుష్టు పదివేలకి ఒకటి కన్నా తగ్గిందని ప్రకటించారు. పథకాన్ని మామూలు ఆసుపత్రుల్లో కలిపేశారు, మా పోస్టులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ప్రపంచంలో ఏటా కొత్తగా దొరికే కుష్టు కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనే. జబ్బు పోకుండానే చూసే కళ్లు పోయాయి.

మేనకోడలు: కళ్లు పోయాయని నువ్వు ఏడుస్తున్నావు. పేరు పడ్డాక ఏం జరిగిందో నేను చెబుతాను. కార్డు మీద ఆ మాట చూసి పెళ్లి చెడిన పిల్ల నాకు తెలుసు. కుష్టు ఉంటే విడాకులివ్వచ్చన్న నిబంధన చట్టంలోంచి తీసేసింది 2019లో. అంటే నిన్నమొన్నటి దాకా నువ్వు రాసిన వర్గీకరణ కోర్టుకి ఎక్కేది. అటో ఇటో తేలని మచ్చకి ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రాదు.

మావయ్య: చెయ్యి రాకూడదు కూడా. కానీ ఆ బాధ పేరు వల్ల వచ్చిందా, కలగాపులగం వల్ల వచ్చిందా? బొల్లిని తెల్ల కుష్టు అని పిలిచి, అంటుకోని జబ్బున్న మనిషికి వేరే గ్లాసు పెట్టిన ఇళ్లు ఎన్ని! అక్కడ ఎవడూ వర్గీకరించలేదు. తెల్లగా ఉన్నదంతా ఒక్కటే అనుకున్నారు. ఇది బొల్లి, ఇది అంటదు, ఇదిగో స్పర్శ చక్కగా ఉంది అని పదిమంది ముందు దూది పెట్టి చూపిస్తే ఆ ఇంటికి మళ్లీ చుట్టాలొచ్చారు. ఇక కుష్టు అని తేలినవాడికి మందు మొదలుపెట్టాక ఒకరికి అంటదని కూడా చెప్పగలగాలి. చికిత్స మధ్యలో మచ్చలు ఉబ్బి, ఎర్రబడి, నరం పీకుతుంటే దాన్ని రియాక్షన్ అని గుర్తుపట్టాలి. అప్పుడు అదే స్టెరాయిడ్, మాత్రగా, డాక్టరు చేతి మీదుగా, సకాలంలో ఇస్తే చెయ్యి నిలబడుతుంది. తామర మీద పాడు చేసే మందే ఇక్కడ వేళ్లని కాపాడుతుంది. తేడా అంతా ఏ రకమో తేల్చడంలో ఉంది.

మేనకోడలు: ఒక కేసు చెప్పు అయితే. ఆరేళ్ల పిల్ల. ఎడమ బుగ్గ మీద పాలిపోయిన మచ్చ, అంచు సరిగ్గా తేలడం లేదు, కొంచెం పొట్టు. మొహం మీద దూది పరీక్ష నమ్మడానికి లేదు, అక్కడ నరాలు దట్టం. నరాలు ఎక్కడా ఉబ్బలేదు. ఒంటి మీద ఇంకేం లేదు. ఏ పేరు రాస్తావు?

మావయ్య: పేరు రాయను.

మేనకోడలు: చూశావా!

మావయ్య: పేరు రాయను కానీ కాగితం ఖాళీగా వదలను. మనిషి బొమ్మ గీసి, బుగ్గ మీద గుర్తు పెట్టి, ఎన్ని సెంటీమీటర్లు, అంచు ఎలా ఉంది, పొట్టు ఉందా, వెంట్రుకలు ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా పాత జబ్బు ఉందా, అన్నీ రాస్తాను. తేలలేదు, మూడు నెలలకి మళ్లీ చూడాలి అని రాస్తాను. నువ్వు రాసేది "తామర మందు, రెండు వారాలు" అని. మూడు నెలల తర్వాత ఇంకో డాక్టరు చూస్తే, నా కాగితం నుంచి మచ్చ పెరిగిందా తగ్గిందా తెలుస్తుంది. నీ చీటీ నుంచి నువ్వు మందిచ్చావని మాత్రం తెలుస్తుంది.

మేనకోడలు: బొమ్మ గియ్యక్కర్లేదు, పక్కన స్కేలు పెట్టి ఫోనుతో ఫోటో తీస్తాను. ఆ వివరాలన్నీ రాస్తాను, అది ఒప్పుకున్నాను. కానీ మూడు నెలలకి ఆ తల్లి రాకపోతే? కూలి మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, నొప్పి లేని మచ్చ కోసం మళ్లీ వస్తుందని నీకు నమ్మకమా?

మావయ్య: రాదు. మేం ఇంటికెళ్లేవాళ్లం.

మేనకోడలు: ఇప్పుడు ఎవరూ వెళ్లడం లేదు కాబట్టే అంటున్నాను. ఆవిడ మళ్లీ రాదని తెలిసినప్పుడు, ఒక్కసారికే ఏదో ఒకటి చేసి పంపాలి నేను. నీ మూడు నెలల ఎదురుచూపు నీ సర్వే రోజుల్లో కుదిరింది.

మావయ్య: ఒక్కసారికే అంటే కొబ్బరినూనె రాయమని చెప్పు. ట్యూబు చేతికివ్వకు. ఆశా కార్యకర్త ఫోను నంబరు ఆ కాగితం మీద రాయి, మూడు నెలల తేదీ ఆవిడ దగ్గరా ఉండాలి, నీ దగ్గరా ఉండాలి.

మేనకోడలు: ఆశాకి నెలకి ఎన్ని తేదీలు గుర్తుంటాయి మావయ్యా? గర్భిణులవి, టీకాలవి, టీబీవి, ఇప్పుడు మచ్చలవి. నేను నంబరు రాస్తాను. కొబ్బరినూనే చెబుతాను. కానీ రాబోయే నెల మా సమీక్షా సమావేశంలో ఈ తేదీల సంగతి ఎత్తి, వీటికి విడిగా ఒక మనిషి కావాలని అడిగితే, నీ రికార్డుల్లో కాగితాలు నాకు చూపించడానికి కావాలి. చొక్కాలు విప్పించి, ఇళ్లకెళ్లి మళ్లీ చూస్తే ఏం దొరికిందో ఆ లెక్క నా దగ్గర లేదు.

మావయ్య: నా దగ్గర ఉంది. రేపు పొద్దున్న రా. బొమ్మలతో సహా ఇస్తాను.